కొత్త అక్వేరియం సైక్లింగ్‌లో పీహెచ్: నల్లగొండ బోరు నీళ్లు, క్యాన్ నీళ్లు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందుగా ఇక్కడ పెడుతున్నాను. నల్లగొండలోని మీ ఇంట్లో 100 లీటర్ల కొత్త ట్యాంకును మొదట బోరు నీళ్లతో నింపారు. నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చూపే పీహెచ్ 8.4 ఉందని దుకాణంవారు ఇచ్చిన పీహెచ్ డౌన్ మందు వేశారు. సాయంత్రానికి 7కు దిగిన పీహెచ్ తెల్లవారేసరికి మళ్లీ 8 దాటింది. కొన్నాళ్లు అలాగే జరిగాక ఆ నీళ్లన్నీ పారబోసి, మినరల్ వాటర్ ప్లాంటు నుంచి తెచ్చిన క్యాన్ నీళ్లతో ట్యాంకు నింపి, చేపలను వేయకుండా అమోనియం క్లోరైడ్‌తో సైక్లింగ్, అంటే అమోనియాను మార్చే బ్యాక్టీరియాను ట్యాంకులో పెంచడం, మొదలుపెట్టారు. ఇప్పుడు మూడో వారంలో పీహెచ్ 6.0 చూపిస్తోంది, అమోనియా 4 పీపీఎం (లీటరుకు 4 మిల్లీగ్రాములు) దగ్గర ఆగిపోయి తగ్గడం లేదు. పీహెచ్ అప్ మందు వేయాలా, మళ్లీ బోరు నీళ్లే పోయాలా అని అడిగారు.

మందు ఏదీ వద్దు. ట్యాంకులోంచి మూడో వంతు నీళ్లు తీసేసి, బకెట్‌లో ఒక రోజంతా ఎయిర్ స్టోన్‌తో (పంపు గాలిని బుడగలుగా వదిలే రాయి) గాలి ఆడించిన బోరు నీళ్లను ఆ మేరకు నెమ్మదిగా పోయండి. ట్యాంకులో చేపలు లేవు కాబట్టి ఈ పని నిర్భయంగా చేయవచ్చు. చేపలు ఉన్న ట్యాంకులో అయితే ఇదే పని ప్రాణాంతకం కావచ్చు, ఆ కారణం కింద చెబుతాను. అంతకంటే ముందు ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సైక్లింగ్ జరుగుతున్న ట్యాంకులో మొదట చూసుకోవలసిన కొలత పీహెచ్ కాదు, కేహెచ్, అంటే ఆమ్లాన్ని తట్టుకోవడానికి నీళ్లలో ఉన్న బైకార్బొనేట్ నిల్వ. మీరు బోరు నీళ్లతో పడిన ఇబ్బందికీ, క్యాన్ నీళ్లతో పడుతున్న ఇబ్బందికీ మూలం ఒక్కటే. మొదటిదానిలో కేహెచ్ చాలా ఎక్కువ, రెండోదానిలో దాదాపు లేదు.

అమోనియాను కొన్ని రకాల బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తాయి, నైట్రైట్‌ను మరికొన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఇది మీకు తెలిసిన సంగతే. మొదటి దశలో ఆమ్లం పుడుతుందన్న విషయం మాత్రం దుకాణాల్లో ఎవరూ చెప్పరు. అమోనియా రూపంలో ఉన్న ఒక మిల్లీగ్రాము నత్రజని నైట్రేట్‌గా మారేసరికి, కాల్షియం కార్బొనేట్ లెక్కన సుమారు 7.1 మిల్లీగ్రాముల క్షారత ఖర్చవుతుంది. ఆ క్షారతనే అక్వేరియం కిట్లు కేహెచ్ అనే పేరుతో డిగ్రీల్లో చూపిస్తాయి. ఒక డిగ్రీ అంటే లీటరుకు దాదాపు 17.9 మిల్లీగ్రాములు. అంటే ఒక డిగ్రీ కేహెచ్ రెండున్నర పీపీఎం అమోనియా నత్రజనిని మార్చడానికి సరిపోతుంది. సైక్లింగ్ పూర్తయ్యేలోపు దఫదఫాలుగా మొత్తం 20 పీపీఎం వేశారనుకుంటే, దానికి 8 డిగ్రీల కేహెచ్ కావాలి. ఆర్వో ప్లాంటు నుంచి వచ్చే క్యాన్ నీళ్లలో సాధారణంగా ఒకటి రెండు డిగ్రీలకు మించి ఉండదు. మీ ట్యాంకు మూడో వారంలో ఆగిపోవడానికి కారణం ఇదే.

గరిసెలో వడ్లు ఉన్నంతకాలం ఇంట్లో పూటపూటకూ అన్నం వండుతూనే ఉంటారు, వడ్లు అడుగంటిన నాడే కొరత తెలుస్తుంది. కేహెచ్ కూడా అంతే. అది మిగిలి ఉన్నన్నాళ్లూ పీహెచ్ పెద్దగా కదలదు కాబట్టి అంతా బాగుందనిపిస్తుంది. అయిపోయిన తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే పీహెచ్ 6కు జారుతుంది. అందువల్ల రోజూ పీహెచ్ ఒక్కటే కొలుస్తూ కూర్చున్నవారికి ముందస్తు హెచ్చరిక అందదు. వారానికి రెండుసార్లు కేహెచ్ కొలిచేవారికి కొన్ని రోజుల ముందే తెలుస్తుంది.

పీహెచ్ పడిపోయినప్పుడు బ్యాక్టీరియా చచ్చిపోయిందని కంగారుపడి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేవారిని చాలామందిని చూశాను. అది అనవసరం. ఈ బ్యాక్టీరియా 7.5 నుంచి 8.5 మధ్య చురుకుగా పనిచేస్తుంది, 6.5 కంటే దిగితే మందగిస్తుంది, 6 దగ్గర దాదాపుగా ఆగిపోతుంది. ఆగిపోయిన బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజ్‌కూ, అడుగున పరిచిన గ్రావెల్‌కూ అంటుకునే ఉంటుంది, కేహెచ్ తిరిగి అందగానే చాలావరకు కొద్ది రోజుల్లో పని మొదలుపెడుతుంది. కాబట్టి ఫిల్టర్ కడగవద్దు, గ్రావెల్ కదిలించవద్దు, నీళ్లన్నీ మార్చవద్దు.

ఇప్పుడు మన నీళ్ల సంగతి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇతర ప్రాంతాలవారికి పనికొచ్చే సలహా నల్లగొండలోనూ పాలమూరులోనూ తరచుగా పనికిరాదు. మన రెండు జిల్లాల్లోనూ భూమి కింద ఎక్కువ భాగం గ్రానైట్, దానికి దగ్గరి శిలలు. వర్షపు నీరు ఆ రాళ్ల పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, వాటిని కొద్దికొద్దిగా కరిగిస్తూ బైకార్బొనేట్‌ను కూడగట్టుకుంటుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోర్లలో తరచుగా కనిపించే లక్షణం ఏమిటంటే, నీళ్లలో కాల్షియం తక్కువగానూ సోడియం బైకార్బొనేట్ ఎక్కువగానూ ఉంటాయి. కాల్షియం ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి గట్టిపడి నీళ్లలోంచి తొలగిపోయేది. అందువల్ల ఇలాంటి నీళ్లలో జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం వల్ల వచ్చే గట్టిదనం) కంటే కేహెచ్ ఎక్కువగా ఉండడం అసాధారణం కాదు. గట్టిదనాన్ని చూపించే జీహెచ్ కిట్ ఒక్కటే కొలిచి ఈ నీళ్లు మెత్తవి అనుకుంటే పొరపాటు. ఇంటికి సాఫ్టెనర్ పెట్టించుకున్నవారికీ ఇదే వర్తిస్తుంది. సాఫ్టెనర్ కాల్షియాన్ని తీసి సోడియం పెడుతుందే తప్ప కేహెచ్‌ను తగ్గించదు.

తాగునీటికి మన దేశపు ప్రమాణం క్షారత లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండడం మంచిదని, వేరే నీటి వనరు లేనిచోట 600 వరకు అనుమతించవచ్చని చెబుతుంది. డిగ్రీల్లో చెబితే 11 నుంచి 33 దాకా. మన బోర్లలో ఈ రెండింటి మధ్య పడేవి చాలానే ఉంటాయి. 18 డిగ్రీల కేహెచ్ ఉన్న నీళ్లు గాలి తగిలే ట్యాంకులో 8.3, 8.4 దగ్గర నిలబడతాయి. అది ఆ నీళ్ల సహజ స్థానం. మీరు మొదట నింపిన బోరు నీళ్లలో కనిపించింది అదే, అందులో లోపమేమీ లేదు.

బోరు నీళ్లను కొలిచే విషయంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. పైపు నుంచి పట్టిన వెంటనే కొలిస్తే 7.2, 7.3 చూపించి, మర్నాడు ట్యాంకులో అదే నీళ్లు 8.3 చూపించవచ్చు. దీనికి గ్రావెల్‌నో కిట్‌నో అనుమానిస్తారు. నేల అడుగున నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరిగి ఉండి పీహెచ్‌ను కిందకు లాగి పెడుతుంది, బయటికి వచ్చాక ఆ వాయువు గాలిలోకి వెళ్లిపోతుంది, పీహెచ్ తన స్థానానికి చేరుతుంది. అందుకే ఏ బోరు నీళ్లనైనా బకెట్‌లో ఎయిర్ స్టోన్ వేసి 24 గంటలు ఉంచిన తర్వాతే కొలవాలి. ఆ తర్వాత వచ్చిన అంకెనే మీ నీళ్ల పీహెచ్‌గా రాసుకోవాలి. కేహెచ్ మాత్రం ఈ గాలి ఆడించడం వల్ల మారదు, దాన్ని ఎప్పుడైనా కొలవవచ్చు.

పీహెచ్ డౌన్ ఎందుకు నిలవలేదో ఇప్పుడు సులువుగా అర్థమవుతుంది. ఆ సీసాలో ఉండేది ఆమ్లమో, ఆమ్ల గుణమున్న ఫాస్ఫేట్ లవణమో. అది పడగానే బైకార్బొనేట్‌లో కొంత భాగం కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది, ఆ వాయువు నీళ్లలో ఉన్నంతసేపూ పీహెచ్ తక్కువగా కనిపిస్తుంది, రాత్రికి రాత్రి అది గాలిలో కలిసిపోగానే మిగిలిన బైకార్బొనేట్ పీహెచ్‌ను తిరిగి పైకి తెస్తుంది. మీరు ఎన్నిసార్లు వేసినా ప్రతిసారీ ఇదే జరుగుతుంది. కాకపోతే ప్రతిసారీ కేహెచ్ కొంచెం తగ్గుతూ పోయి, ఒకరోజు మామూలుగా వేసిన మోతాదే పీహెచ్‌ను 5.5కు పడేస్తుంది. ఫాస్ఫేట్ ఉన్న మందులైతే నాచు పెరగడానికి కూడా దారి తీస్తాయి. నిమ్మరసం, వెనిగర్ పోయమని సలహా ఇచ్చేవారూ ఉన్నారు. అవి సేంద్రియ ఆమ్లాలు, వాటిని నీళ్లలోని ఇతర బ్యాక్టీరియా తినేస్తుంది, ఆ క్రమంలో నీళ్లు పాలలా మబ్బు పడతాయి, ఆక్సిజన్ తగ్గుతుంది, పోయిన క్షారత తిరిగి వస్తుంది. బాదం ఆకులు వేస్తే నీళ్లకు రంగు వస్తుంది, చేపలకు కొంత మేలు కూడా ఉంటుంది, కానీ 18 డిగ్రీల కేహెచ్ ఉన్న నీళ్ల పీహెచ్‌ను అవి కదిలించలేవు.

పటిక గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో మబ్బుగా ఉన్న నీళ్లు తేటపడడానికి బిందెలో పటిక తిప్పే అలవాటు ఉంది, కొందరు ట్యాంకులోనూ అదే చేస్తారు. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారు. అందులో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడతారు. పటికతోపాటు సున్నం కలపడానికి కారణం, పటిక నీళ్లలోని క్షారతను హరించి పీహెచ్‌ను దించుతుంది కాబట్టే. అంత శాస్త్రీయంగా లెక్కకట్టి చేసే చోటే క్షారతకు లోటు రాకుండా సున్నం వేస్తున్నప్పుడు, కేహెచ్ అసలే తక్కువగా ఉన్న క్యాన్ నీళ్ల ట్యాంకులో ఊరికే పటిక తిప్పడం చాలా ప్రమాదం. ఆమ్ల గుణమున్న నీళ్లలో మిగిలిపోయే అల్యూమినియం చేపల మొప్పలకు హానికరం.

మీ ట్యాంకు విషయానికి వస్తే, మూడో వంతు బోరు నీళ్లు అని ఎందుకన్నానో లెక్క చూడండి. ట్యాంకులో ఇప్పుడు కేహెచ్ సున్నా అనుకుందాం. మీ బోరు నీళ్లు 18 డిగ్రీలు అనుకుందాం. మూడో వంతు మారిస్తే ట్యాంకు కేహెచ్ 6కు చేరుతుంది, అమోనియా 4 నుంచి సుమారు 2.7కు తగ్గుతుంది, పీహెచ్ 8 దరిదాపుల్లో నిలుస్తుంది. కేహెచ్ ఎప్పుడూ పాళ్లను బట్టి సూటిగా లెక్కకు వస్తుంది. పీహెచ్ అలా రాదు. 8.4 నీళ్లూ 6.0 నీళ్లూ సమానంగా కలిపితే 7.2 వస్తుందనుకోవడం సరికాదు, కేహెచ్ ఉన్న నీళ్లదే పైచేయి అవుతుంది. మీ బోరు కేహెచ్ 18 కాక 10 అయితే సగానికి పైగా నీళ్లు మార్చండి, 25 అయితే నాలుగో వంతు చాలు. సైక్లింగ్ నడిచినన్నాళ్లూ ట్యాంకు కేహెచ్ 4కు తగ్గకుండా చూసుకోండి, 5కు దిగగానే మళ్లీ కొంత బోరు నీళ్లు పోయండి.

బోరు లేని అపార్ట్‌మెంటులో ఉన్నవారు తినే సోడా వాడవచ్చు. 100 లీటర్లకు 3 గ్రాములు వేస్తే కేహెచ్ దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. ముందుగా గ్లాసు నీళ్లలో కరిగించి, ఫిల్టర్ నీళ్లు పడే చోట పోయాలి. బేకింగ్ పౌడర్ వేరు, బట్టల సోడా వేరు, ఆ రెండూ పనికిరావు. అయితే సోడాతో కాల్షియం రాదు కాబట్టి పూర్తిగా క్యాన్ నీళ్ల మీదే ట్యాంకు నడపదలచినవారు ఫిల్టర్‌లో ఒక చిన్న వల సంచిలో పగడపు ముక్కలో, శుభ్రం చేసిన ఆల్చిప్పలో పెట్టుకోవడం మేలు. పీహెచ్ 7 కంటే దిగినప్పుడల్లా అవి కొద్దికొద్దిగా కరుగుతాయి.

చేపలు ఉన్న ట్యాంకులో ఇదే సవరణ ఎందుకు ప్రమాదమో చెబుతానన్నాను. కిట్ చూపించే అమోనియా రెండు రూపాల మొత్తం. అందులో అమోనియం రూపం చేపకు పెద్దగా హాని చేయదు, స్వేచ్ఛగా ఉండే అమోనియా రూపమే మొప్పలను కాల్చేస్తుంది. ఏది ఎంత అన్నది పీహెచ్, ఉష్ణోగ్రత నిర్ణయిస్తాయి. నీళ్లు 30 డిగ్రీల వేడి ఉన్నప్పుడు, పీహెచ్ 6 దగ్గర విష రూపం నూటికి 0.1 శాతం కూడా ఉండదు. పీహెచ్ 7 దగ్గర 0.8 శాతం, 8 దగ్గర ఏడున్నర శాతం, 8.4 దగ్గర సుమారు 17 శాతం. మీ ట్యాంకులో ఉన్న 4 పీపీఎం ఈ రోజు చేపను చంపకపోవచ్చు, కానీ అదే 4 పీపీఎం మీద ఒకేసారి బోరు నీళ్లు పోసి పీహెచ్ 8.4 చేస్తే విషం దాదాపు రెండు వందల రెట్లు పెరుగుతుంది. నీళ్లు మార్చిన గంటలోనే చేపలన్నీ పైకి తేలి పోయాయని బాధపడే వారి ట్యాంకుల్లో జరిగేది చాలాసార్లు ఇదే. చేపలు ఉంటే ముందుగా అదే రకం తక్కువ కేహెచ్ నీళ్లతో మార్పులు చేసి అమోనియాను 0.25 పీపీఎం దరిదాపులకు దించి, ఆ తర్వాత రోజుకు ఒక డిగ్రీ చొప్పున కేహెచ్‌ను పెంచుకుంటూ రావాలి.

మన నీళ్లకు అమోనియా మోతాదు విషయంలోనూ ఒక సవరణ అవసరం. సైక్లింగ్‌కు 4, 5 పీపీఎం అమోనియా వేయమని చాలా చోట్ల రాసి ఉంటుంది. మెత్తని నీళ్లకు అది చెల్లుతుందేమో గానీ 8.4 పీహెచ్ ఉన్న వేసవి ట్యాంకులో 5 పీపీఎం వేస్తే అందులో 0.8 పీపీఎంకు పైగా స్వేచ్ఛా అమోనియా అవుతుంది. నైట్రైట్‌ను మార్చే బ్యాక్టీరియాకు అది గిట్టదు, లీటరుకు 0.1 మిల్లీగ్రాముల నుంచే దాని పనికి అడ్డు రావచ్చు. అమోనియా రోజూ సున్నాకు దిగుతున్నా నైట్రైట్ నెలరోజులైనా తగ్గడం లేదని చెప్పేవారు ముందుగా తమ మోతాదును చూసుకోవాలి. నా సలహా 2 పీపీఎం మించవద్దు. 100 లీటర్లలో 2 పీపీఎం కోసం 0.63 గ్రాముల స్వచ్ఛమైన అమోనియం క్లోరైడ్ సరిపోతుంది. కళాయి వేసేవారి దగ్గర దొరికే నవసాగరం కూడా అదే పదార్థమైనా, అందులో ఇంకేమి కలిసి ఉంటాయో తెలియదు, ప్రయోగశాలలకు రసాయనాలు అమ్మే దుకాణంలోనే కొనండి. చేపల మేత కుళ్లబెట్టి సైక్లింగ్ చేసేవారికి ఒక వెసులుబాటు ఉంది. మేతలోని మాంసకృత్తులు అమోనియాగా మారేటప్పుడు కొంత క్షారత తిరిగి చేరుతుంది కాబట్టి వారి కేహెచ్ మీకంటే నెమ్మదిగా తగ్గుతుంది.

మిషన్ భగీరథ నీళ్లు వాడేవారి సంగతి వేరు. అవి కృష్ణా నది నీళ్లు, కేహెచ్ బోరు నీళ్లంత ఉండదు, క్యాన్ నీళ్లంత తక్కువా ఉండదు, అక్వేరియానికి నిజానికి మంచి నీళ్లు. కానీ క్లోరిన్ కలిపి వస్తాయి. క్లోరిన్ మీ బ్యాక్టీరియాను చంపుతుంది. వెడల్పాటి డ్రమ్ములో గాలి ఆడిస్తూ ఒక రోజు ఉంచాలి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి. ఫిల్టర్ స్పాంజ్‌ను ఎన్నడూ కుళాయి కింద కడగకూడదు, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. మన ఇళ్లలో ఇంకొక చిక్కు ఉంది. మిద్దె మీది ట్యాంకులోకి భగీరథ నీళ్లు వచ్చిన రోజు అవీ, రాని రోజు బోరు నీళ్లూ ఎక్కిస్తాం. అందువల్ల ఒకే కుళాయి నుంచి ఒక వారం కేహెచ్ 6, ఇంకొక వారం 15 వస్తుంది. పీహెచ్ కారణం లేకుండా మారిపోతోందని అనిపించే ఇళ్లలో ముందు ఇదే చూడాలి. నీళ్లు మార్చే ప్రతిసారీ కుళాయి నీళ్ల కేహెచ్ కొలవడం ఒక్కటే దీనికి మార్గం. కొత్తగా కట్టిన సిమెంటు సంపు ఉంటే మొదటి కొన్ని నెలలు అందులోని సున్నం నీళ్లలోకి దిగి పీహెచ్‌ను 9 పైకి కూడా తీసుకుపోవచ్చు, ఆ నీళ్లను అక్వేరియానికి వాడకపోవడమే మంచిది.

గ్రావెల్ మాట కూడా చెప్పాలి. మన దగ్గర దొరికే గ్రానైట్ చిప్స్ నీళ్లలో ఏ మార్పూ తేవు. కృష్ణ ఒడ్డున వాడపల్లి వైపు రాళ్లు సున్నపురాయి, అందుకే అక్కడ సిమెంటు కర్మాగారాలు వచ్చాయి. అటు నుంచి తెచ్చిన రాళ్లు, నాపరాళ్ల ముక్కలు, తెల్లని సున్నపు గడ్డలు కలిసిన వాగు ఇసుక ట్యాంకులో పెడితే కేహెచ్, జీహెచ్ పెరుగుతాయి. రాయి మీద వెనిగర్ చుక్కలు వేసి చూడండి, బుడగలు వస్తే సున్నముందని అర్థం. క్యాన్ నీళ్ల ట్యాంకుకు అలాంటి రాయి ఒకటి మేలే చేస్తుంది.

కొలిచే సాధనాల విషయంలో పొదుపు చేయవద్దని మనవి. పీహెచ్ డ్రాప్స్ కిట్లలో కొన్ని 7.6 వరకే చూపిస్తాయి. 8.4 ఉన్న బోరు నీళ్లకు కూడా అవి 7.6 రంగే ఇస్తాయి, దాన్ని నమ్మి మోసపోతారు. మనకు 8.8 వరకు చూపే కిట్ కావాలి. పెన్ను మీటరు కొంటే దానితో వచ్చే 6.86, 9.18 బఫర్ పొడులను (కరిగిస్తే ఆ పీహెచ్ కచ్చితంగా ఇచ్చేవి) కరిగించి నెలకొకసారి సరిచూసుకోవాలి. క్యాన్ నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి పెన్ను మీటరు అంకె చాలాసేపు అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది, తొందరపడకూడదు. కేహెచ్ కిట్‌లో చుక్కలు లెక్కపెట్టాలి. 5 మిల్లీలీటర్ల నీళ్లకు రంగు నీలం నుంచి పసుపుకు మారడానికి ఎన్ని చుక్కలు పడితే అన్ని డిగ్రీలు. తక్కువ కేహెచ్ ఉన్న మీ ట్యాంకుకు 10 మిల్లీలీటర్లు తీసుకుంటే ఒక్కో చుక్క అర డిగ్రీ అవుతుంది, కొలత నిక్కచ్చిగా వస్తుంది. కరిగిన లవణాల మొత్తాన్ని చూపే టీడీఎస్ మీటరు కేహెచ్‌కు ప్రత్యామ్నాయం కాదు, ఉప్పు కలిపినా దాని అంకె పెరుగుతుంది.

మన వేసవిలో ఆక్సిజన్‌ను మరవకూడదు. ఒక మిల్లీగ్రాము అమోనియా నత్రజనిని నైట్రేట్‌గా మార్చడానికి బ్యాక్టీరియాకు సుమారు 4.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. 25 డిగ్రీల వేడి ఉన్న నీళ్లలో లీటరుకు 8.3 మిల్లీగ్రాములు కరిగే ఆక్సిజన్ 35 డిగ్రీల దగ్గర 7కు తగ్గుతుంది. కరెంటు పోయి గాలి ఆగితే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ కూడా తాత్కాలికంగా దిగుతుంది. ఎయిర్ పంపును ఇన్వర్టర్‌కు కలిపి ఉంచితే ఈ రెండు చిక్కులూ తప్పుతాయి. మొక్కలున్న ట్యాంకులో ఉదయం కంటే సాయంత్రం పీహెచ్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి ప్రతిసారీ ఒకే వేళకు కొలవండి.

2 పీపీఎం అమోనియా వేసిన 24 గంటల్లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగితే సైక్లింగ్ అయినట్టే. అప్పుడు పేరుకున్న నైట్రేట్ పోవడానికి సగానికి పైగా నీళ్లు మార్చి, కేహెచ్ చూసుకుని చేపలను కొద్దికొద్దిగా వేయండి. మీకు బోరు ఉంది కాబట్టి గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ తీసుకోమంటాను. ఇవి 8 పైన పీహెచ్‌లో హాయిగా పెరిగి పిల్లలు పెడతాయి. బోరులో కాల్షియం మరీ తక్కువైతే మోలీలకు ఆల్చిప్పల సంచి అప్పుడూ అవసరమే. నియాన్ టెట్రా, డిస్కస్ వంటివాటి కోసం నీళ్లతో పోరాడడం కంటే, అవి కావాలనుకున్నవారు మొదటినుంచీ క్యాన్ నీళ్లలో కొద్దిపాటి బోరు నీళ్లు కలిపి, అవే పాళ్లను ప్రతి నీళ్ల మార్పుకూ పాటించడం మంచిది.

చేపలను తెచ్చే రోజు కోసం చివరగా ఒక జాగ్రత్త. హైదరాబాద్ నుంచి రెండు మూడు గంటల్లో తెచ్చిన చేపలను, సంచిలోకి ట్యాంకు నీళ్లను కొంచెం కొంచెంగా కలుపుతూ ముప్పావు గంటలో అలవాటు చేయవచ్చు. చెన్నై కొళత్తూరు నుంచో ఇంకా దూరం నుంచో రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన సంచికి ఆ పద్ధతి పనికిరాదు. అందులో చేపలు వదిలిన అమోనియా పేరుకుని ఉంటుంది, అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ను తక్కువగా ఉంచినందువల్లే ఆ అమోనియా హాని చేయకుండా ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు పోతుంది, పైగా మన 8.3 నీళ్లు కలిపితే సంచిలోనే విషం తయారవుతుంది. అలాంటి సంచిని విప్పకుండా ఇరవై నిమిషాలు ట్యాంకులో తేలనిచ్చి వేడి సమానమయ్యాక, విప్పిన వెంటనే చేపలను వలతో పట్టి ట్యాంకులో వదలండి. సంచి నీళ్లను ట్యాంకులో పోయకండి. ఏ నీళ్లలో పెంచిన చేపలో అమ్మేవారిని ముందే అడిగి, మరీ మెత్తని నీళ్లవైతే మీ ట్యాంకు కేహెచ్‌ను ఆ రోజుకు 4 దగ్గర ఉంచి, తర్వాతి రెండు మూడు వారాల్లో బోరు నీళ్ల పాలు పెంచుకుంటూ వెళ్లండి.